ఉప్పు చూడని వంటామె

నన్ను పలకరించేవాళ్లంతా "కిడ్నీలు ఎట్లున్నయక్కా?" అని అడుగుతారు. గుండె ఎట్లున్నదని ఒక్కరూ అడగరు. మొదట్లో నేనూ అడగలేదు. డాక్టరమ్మ చెప్పింది, నేనే చెవిన పెట్టలేదు. దాని ఫలితం వానాకాలంలో అనుభవించాను. ఇప్పుడు కాస్త కుదురుగా ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. రాస్తే నాకు నిమ్మళం. నాలాంటి మొండివాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకూ పనికొస్తుంది.

నా పేరు సత్తెమ్మ. సిద్దిపేటలో పెళ్లిళ్లకూ, వ్రతాలకూ, గృహప్రవేశాలకూ వంటలు చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయన మల్లేశం ట్రాలీ ఆటోలో పెద్ద వంట గంజులూ పొయ్యిలూ వేసుకొని నా వెంటే వస్తాడు. మా బిడ్డ కవిత ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. మొదటి పెళ్లి నుంచి నాకు తోడున్న మనిషి యాదవ్వ. వయసులో నాకంటే పెద్దది, నోట్లో ఎప్పుడూ పొగాకు ఉంటుంది. మా కుటుంబమూ మా వ్యాపారమూ కలిపి ఈ నలుగురమే.

ఎండాకాలం

ప్రజ్ఞాపూర్‌లో ఒక ఫంక్షన్ హాలులో పెళ్లి. వంట ముగించి చెప్పులు తొడుక్కోబోతే పాదాలు పట్టలేదు. ఎవరివో వేసుకున్నానేమో అనుకొని మిగతా చెప్పులన్నీ వెతికాను. యాదవ్వ నా కాలు చూసి బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అట్లాగే ఉండిపోయింది.

"ఏందే సత్తెమ్మా, గిట్లున్నది?"

"పొద్దుగాల్నుంచి నిలవడ్డ గదా, వాపొచ్చింది."

"నేనూ నిలవడ్డనే. నాకు రాలేదేంది?"

ఆ ప్రశ్నకు జవాబు వారం తర్వాత దవాఖానలో దొరికింది. చాలాకాలంగా బీపీ ఉన్నా నేను పట్టించుకోలేదు. పైగా మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోలీలు పప్పుబెల్లాల్లా మింగాను. రెండూ కలిసి కిడ్నీలను దెబ్బతీశాయని చెప్పారు.

కిడ్నీ డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్నప్పుడే నాకు సగం ప్రాణం పోయింది. అక్కడ అందరి ఒళ్లోనూ ఫైళ్లే. ఎవరూ ఎవరి మొహమూ చూడరు, చేతుల వంకే చూస్తారు. మోచేతి దగ్గర నరం ఉబ్బి ఉంటే ఆ మనిషి డయాలసిస్ మనిషి అని తెలిసిపోతుంది. నేను నా చేతులు కొంగులో దాచుకున్నాను. పక్కనున్న ముసలాయన అది గమనించి, "దాసుకోకు చెల్లె, మూడేండ్లయె నాకు. నిన్న పొలం గూడ పోయొచ్చిన," అన్నాడు. ఆయన పేరు అడగలేదు. అడగాల్సింది.

డాక్టరమ్మ రిపోర్టులు చూసి నిదానంగా చెప్పింది.

"అమ్మా, నీ కిడ్నీలు మెల్లగ తగ్గుతున్నయి. జాగర్తగుంటె శాన రోజులు కాపాడుకోవచ్చు. నా భయమంత నీ గుండె గురించి. కిడ్నీ జబ్బున్నోళ్లకు గుండె మీద బరువు ఎక్కువ పడుతది. బీపీ పెరగొద్దు, ఒంట్లె నీళ్లు నిలవొద్దు. ఉప్పు బంద్ జెయ్యి. రోజూ పొద్దున బరువు సూసుకో."

నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే కిడ్నీలు అన్న మాట తర్వాత నాకేమీ వినపడలేదు. గుండె సంగతి గుండె డాక్టరు చూసుకుంటాడులే అనుకున్నాను. మనిషిని ముక్కలు ముక్కలుగా కోసి ఒక్కో ముక్క ఒక్కో డాక్టరుకు పంచిపెట్టినట్టు ఆలోచించాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

ఇంటికి వచ్చాక చుట్టాల రాకపోకలు మొదలయ్యాయి. మా ఆడబిడ్డ చిన్నకోడూరు నుంచి సంచి నిండా కొబ్బరిబొండాలు మోసుకొచ్చింది. ఒంటికి చలువ చేస్తుందని ఆమె నమ్మకం. నా రక్తపరీక్ష చూసి కొబ్బరినీళ్లు వద్దన్నారు. రక్తంలో పొటాషియం ఎక్కువైతే గుండె కొట్టుకోవడం లయ తప్పుతుందట. కవిత అదే మాట మెల్లగా చెబితే ఆడబిడ్డ మొహం మాడ్చుకుంది.

"నేనేమన్న విషం తెచ్చిన్నా? ఆడిబిడ్డ తెచ్చింది తాగరాదా మీ అమ్మకు?"

"అట్ల కాదత్తమ్మా, గుండెకు మంచిది కాదన్నరు."

"రోగం కిడ్నీకైతే గుండెకేమైతది?"

నవ్వొచ్చింది నాకు. నేను దవాఖానలో అనుకున్నదే ఆమె పైకి అన్నది. బొండాలు వాడకట్టు వాళ్లు తాగారు. ఆడబిడ్డ దసరా దాకా మాట్లాడలేదు.

వానాకాలం

ఇంట్లో నాకు వేరే గిన్నె పెట్టారు. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని కూర. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్లు వందల మందికి రుచి పంచిన నోరు ఇది. మా ఆయన నాకు తోడుగా తానూ చప్పిడే తింటానన్నాడు. వారం రోజులు నా ముందు కూర్చొని పథ్యం తిన్నాడు. తర్వాత బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ కవితకు దొరికిపోయాడు. ఆ వారానికైనా నేను ఆయనకు రుణపడే ఉన్నాను.

నేను మాత్రం పట్టు వదలలేదు. పచ్చడి ముట్టలేదు, అప్పడం ముట్టలేదు. నీళ్లు కొలిచి తాగాను. పొద్దున్నే మిషన్ ఎక్కి బరువు రాసుకున్నాను. అయినా బీపీ దిగలేదు. పెళ్లి వంట చేసి వచ్చిన మర్నాడల్లా బరువు పెరిగేది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. డాక్టరమ్మ గోలీలు మార్చింది, పెంచింది, చివరికి కళ్లద్దాలు తీసి నా మొహంలోకి చూసింది.

"నిజం చెప్పు. ఉప్పు తింటున్నవా?"

"నా బిడ్డ మీద ఒట్టు మేడం. చిటికెడు గూడ తింటలేను."

ఆమె నమ్మలేదు. నమ్మలేదని తెలిసి నాకు ఒళ్లు మండింది. అంతకన్నా మండింది ఇంటికి వచ్చాక. కవిత వంటింట్లో అటక మీది డబ్బాలన్నీ దించి ఒక్కొక్కటీ మూత తీసి చూస్తోంది. ఏం వెతుకుతున్నావని అడిగాను. మామిడికాయ తొక్కు జాడీ మూత తీసినప్పుడు నాకు అర్థమైంది.

"నేను దొంగతనంగ తొక్కు తింటున్ననని సూస్తున్నవా?"

"మరి బరువెట్ల పెరుగుతున్నదమ్మా? నువ్వే చెప్పు."

కన్నబిడ్డ ముందు దొంగలా నిలబడ్డ ఆ నిమిషం నా జబ్బులో అన్నింటికంటే కష్టమైనది. సూదులు ఏమంత లెక్కలోవి కావు. ఆ జాడీ ఎత్తి పెరట్లో పడేశాను. రెండు రోజులు ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

శ్రావణంలో కుకునూరుపల్లిలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. పోవద్దని కవిత బతిమాలింది. మానేస్తే నేనేం కావాలి? గోడకు కూర్చొని ఒంట్లో ఏ భాగం ఎంత పాడైందో లెక్కపెట్టుకోవాలా? పోయాను. ఎప్పటిలాగే అన్ని పొయ్యిల దగ్గరా తిరిగాను. పంక్తి లేచే వేళకు గాలి అందడం తగ్గింది. కూర్చుంటే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. వాలబోతే నీళ్లలో మునిగినట్టయింది. యాదవ్వ నా వీపు తన ఛాతీకి ఆనించుకొని కూర్చోబెట్టింది. మా ఆయన గంజులన్నీ అక్కడే వదిలేసి ట్రాలీలో పరుపు వేసి నన్ను ఎక్కించాడు. దారి పొడుగునా ఆయన వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. "ముందుకు చూసి నడుపయ్యా" అందామంటే ఊపిరి చాలలేదు. చచ్చిపోతానేమోనని భయపడ్డాను. ఆ మాట రాయడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఒంట్లో నిలిచిన నీటి బరువు లాగలేక గుండె అలిసిపోయిందన్నారు. అప్పుడు వినపడింది నాకు, ఎండాకాలంలో చెప్పిన మాట.

వార్డులో

పక్క మంచం మీద జ్వరంతో ఒక ముసలామె. ఆమె కోడలు మరియమ్మ, కూలి పనులు చేసుకునే మనిషి. మా ఆయన గోలీల కోసం కిందికి పోయినప్పుడల్లా మరియమ్మే నా వీపు వెనక దిండు సర్దేది. పొద్దున ప్రార్థన చేసుకునేటప్పుడు తన అత్త పేరుతో పాటు నా పేరూ కలిపింది. "నీ దేవునికి నేనెర్కనా?" అని అడిగితే, "నేను చెప్పిన గదక్కా, ఇగ ఎర్కనే," అంది.

నాలుగో రోజు మరియమ్మ డబ్బాలో చారు తెచ్చింది.

"అక్కా, నువ్వు వంటలామెవు గదా. మా అత్త నోరు శేదుగున్నదని పంచాయితి పెడుతున్నది. జర ఉప్పు సరిపోయిందా సూడు."

నేను అరచెయ్యి చాచాను. మరియమ్మ చెంచాతో చారు పోసింది. నాకి చూసి, "జర తక్కువైంది, చిటికెడెయ్యి," అన్నాను. తలెత్తితే మంచం కాళ్ల దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. పక్కన కవిత.

"ఇప్పుడేం జేసినవమ్మా?"

"ఏం జేసిన మేడం? ఉప్పు సూసిన."

"ఉప్పు తింటలేనని ఒట్టు పెట్టినవు గదా!"

"తింటలేను. సూసిన. సూసుడు, తినుడు ఒకటెట్లయితది?"

అది అబద్ధం కాదు. వంట చేసేవాళ్లం ఎవరమూ రుచి చూడటాన్ని తినడం కింద లెక్కగట్టం. నా ఒట్టు నిజమైన ఒట్టే. డాక్టరమ్మ స్టూలు లాక్కొని కూర్చుంది.

"ఒక్క పెండ్లిల ఎన్నిసార్లు సూస్తవు?"

పప్పు ఉడికినప్పుడోసారి, పోపు పడ్డాక ఒకసారి అని వేళ్లు మడవడం మొదలుపెట్టాను. పచ్చిపులుసు, గుత్తివంకాయ, బగారన్నం, పులిహోర, చట్నీలు. యాదవ్వ ఏ గంజు దించినా ముందు నా అరచేతిలో పోయాల్సిందే. ఉప్పు ఎక్కువైతే నీళ్లు కలిపి మళ్లీ చూస్తాను. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. అప్పటికి టిఫిన్లు లెక్కలోకి రానేలేదు. కవిత నా చెయ్యి పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. జాడీల మూతలు తీసినందుకు ఏడుస్తోందని నాకు తెలుసు. పిచ్చిపిల్ల, దొంగ దొరికింది గానీ ఆ దొంగకే తాను దొంగతనం చేస్తున్నట్టు తెలియదు.

కార్తీకం

అయినా నాకు ఒక అనుమానం మిగిలింది. నాలుక మీద తడి అంటితేనే ఇంత పని జరుగుతుందా? మా వాడలో ఒక చిన్న గృహప్రవేశం వంట ఒప్పుకొని, పక్కన ఒక స్టీలు గిన్నె పెట్టుకున్నాను. ఎప్పుడెప్పుడు రుచి చూసేదాన్నో అప్పుడల్లా అంతే అరచేతిలో పోసుకొని, నోట్లో వేసుకోకుండా గిన్నెలో వంచాను. మధ్యాహ్నానికి గిన్నె నిండింది. పప్పూ పులుసూ కూరా కలిసి ఒక మనిషి పూటంతా తినేంత. అది చిన్న వంట. పెళ్లి వంటల్లో నేను ఎన్ని గిన్నెలు తాగానో ఊహించుకొని కూలబడ్డాను. ఇంట్లో చప్పిడి తిని ఏడ్చిందంతా వృథా అయింది.

గిన్నె ఇంటికి తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఆయన గిన్నెను పక్కకు జరిపి, "ఇగ చాలు సత్తెమ్మా. పొయ్యి బంద్ జేద్దాం," అన్నాడు.

"ఎందుకు బంద్ జెయ్యాలె?"

"రుచి సూడకుంట వంటెట్ల జేస్తవమ్మా?" అంది కవిత.

"పోచమ్మ బోనం ఎన్నడన్న రుచి సూసి వండినమా? వ్రతానికి పులిహోర కలుపుతె నోట్లె ఏసుకుంటమా? దేవునికి ఎంగిలి చెయ్యొద్దని ముట్టకుంటనే వండుతం. దాంట్లె ఉప్పు ఎన్నడన్న తప్పిందా? దేవునికి సూడకుంట వండొచ్చిన చెయ్యి మనుషులకు వండరాదా?"

నాకే ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా తట్టలేదు. ఇన్నేళ్లూ అలవాటుకొద్దీ నాలుకను ముందు పెట్టాను. చేతికి లెక్క తెలుసు.

యాదవ్వను చూడమని అడిగితే ఆమె చేతులెత్తేసింది. "నాది పొగాకు నాలిక. నాకు సముద్రం గూడ సప్పగనే ఉంటది," అంది. ఇంకొకరి నాలుక అడగడానికి నాకు నామోషీ అనిపించింది. నా వంటకు నా చెయ్యే సాక్ష్యం అనుకున్నాను. కవిత పక్కన కూర్చొని లెక్క రాసింది. ఎంత పప్పుకు ఎన్ని నీళ్లు, ఎంత ఉప్పు, దొడ్డు ఉప్పయితే ఎంత, సన్న ఉప్పయితే ఎంత. ఇంట్లోనే చిన్న గిన్నెల్లో వండి వాడకట్టు వాళ్లకు పెట్టి సరిచూసుకున్నాం. జాడీల రోజు గురించి మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోలేదు. ఆ లెక్కల పుస్తకమే ఆమె క్షమాపణ అని నేననుకుంటాను.

నెలరోజుల్లో కాళ్ల వాపు తీసింది. బీపీ దిగింది. గుండె పరీక్ష చేసినాయన ముందుకన్నా నయం అన్నాడు. కిడ్నీలు మునుపటిలాగా కావు. అది తెలుసు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలుపుకోవడమే నా పని.

మీలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ఒకటే చెబుతాను. పళ్లెంలో ఉన్నదే లెక్కపెట్టుకోకండి. పనిలో చెయ్యి దానంతట అది ఏం చేస్తోందో ఒక పూట గమనించండి. డాక్టరు గుండె గురించి చెబితే, మీ జబ్బు పేరు వేరైనా సరే, చెవులు రిక్కించి వినండి.

మాఘం

బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి పెళ్లి. దవాఖాన నుంచి వచ్చాక ఒప్పుకున్న మొదటి పెద్ద వంట. నేను రుచి చూడనన్న సంగతి ఊళ్లో పాకిపోయింది. దుకాణం ఆయన ఇంటికే వచ్చి నసిగాడు.

"ఏమనుకోకమ్మా. మగపెండ్లోళ్ల ముంగట మాట రావొద్దు. ఇంకెవరినన్న సూసుకోమంటవా?"

"సూసుకోండ్రి. ఇంత మంచిగ వండేటోళ్లు దొరికితే నాకు గూడ జెప్పుండ్రి, వచ్చి తింట," అన్నాను. ఆయన నవ్వేసి బయానా పైసలు చేతిలో పెట్టి పోయాడు. తలుపు వేసుకొని లెక్కల పుస్తకం తీసి మొదటి నుంచీ చదివాను. ఈ ఒక్క వంట చెడిపోతే నన్ను మళ్లీ ఎవరూ పిలవరు. పిలవకపోతే నేను ఆ గోడకు కూర్చోవాల్సిందే.

పెళ్లినాడు అన్నీ లెక్కప్రకారమే జరిగాయి, ఒక్కటి తప్ప. పప్పు చిక్కబడిందని ఎవరో నాకు చెప్పకుండా బిందెడు నీళ్లు పోశారు. మొదటి పంక్తి మధ్యలో మగపెళ్లివారి పెద్దమనిషి వంటల దగ్గరికి వచ్చాడు. పట్టు పంచె, భుజం మీద కండువా.

"ఏమమ్మా, పప్పుల ఉప్పు లేదు. సూసుకోలేదా నువ్వు?"

"సూసుకోలేదన్నా."

"వంటామెవై ఉండి ఉప్పు సూసుకోవా?" అంటూ గంజులోంచి గంటెతో పప్పు తీసి నా మొహం ముందుకు తెచ్చాడు. "ఇగో, నువ్వే సూడు."

అన్ని పొయ్యిల దగ్గరా పని ఆగిపోయింది. దుకాణం ఆయన వాకిట్లో నిలబడ్డాడు. మా ఆయన రెండడుగులు ముందుకు వేసి ఆగాడు. ఒక్క చుక్క. దాంతో మాట పడకుండా పోతుంది, పేరు దక్కుతుంది. ఒక్క చుక్కతో ఏమీ కాదని నాకూ తెలుసు. ఒక్క చుక్క చొప్పునే గిన్నె నిండిందనీ తెలుసు. నా అరచెయ్యి అప్పటికే చాచి ఉంది. ఎప్పుడు చాచానో నాకే తెలియదు. పిడికిలి బిగించాను.

"పప్పుల ఉప్పు తక్కువైతే మీదికెల్లి ఏసుకోవచ్చన్నా. నా గుండెల సత్తువ తక్కువైతే మీదికెల్లి ఏసేదేం లేదు. నేను సూడ."

ఆయన గంటె పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. పప్పు బొట్లు బొట్లుగా పంచె మీద పడుతోంది.

అప్పుడు నేను ఇన్నాళ్లూ నామోషీ అనుకున్న పని చేశాను. ఉప్పు డబ్బా తీసి ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాను.

"తక్కువున్నదని మీరే కనిపెట్టిన్రు. మంచి నాలికె ఉన్నది మీకు. నేను ఏస్త, మీరు సూడుండ్రి. కుదిరిందంటె ఆపుత."

ఆయన నా వంక చూశాడు, గంజు వంక చూశాడు. కండువా భుజం మీంచి తీసి నడుముకు చుట్టుకున్నాడు. నేను గుప్పెడు వేసి కలిపాను, ఆయన చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త వేశాను. మూడోసారి కళ్లు మూసుకొని నాకి, "ఆఁ, గిప్పుడు కుదిరింది," అన్నాడు. ఆ మాట పంక్తి దాకా వినపడేటట్టు అన్నాడు.

యాదవ్వ గంజు ఎత్తించింది. రెండో పంక్తికి పప్పు పోయింది. ఆ పెళ్లిలో ఉప్పు చూసింది మగపెళ్లివారు. వంట నాది. గుండె కూడా నాదే.